మేకుల్లేని ఇంట్లో ఒక పూట

పద్మనాభపురం ప్యాలెస్ ఉన్నది తమిళనాడులో, చూసుకునేది కేరళ. 400 ఏళ్లుగా వానకూ చెదలుకూ తలవంచని ఈ కర్ర కోట, కోనసీమ నుంచి వచ్చిన ఓ పెద్దాయనకు తాను అమ్ముకున్న మండువా లోగిలిని గుర్తు చేసింది

చెప్పులు బయటే విడిచి రమ్మన్నారు. ఎండ చురుక్కుమంటున్న ముంగిలి దాటి లోపల కాలు పెట్టగానే ముందు అరికాలికి చల్లదనం తగిలింది. తర్వాత ముక్కుకు పాత కర్ర వాసన తగిలింది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి మరికాస్త సమయం పట్టింది. అప్పుడు తలెత్తి చూస్తే కప్పు నిండా చెక్క పూలు. ఒకదానిలాంటిది మరొకటి లేకుండా 90 రకాల పూలు చెక్కారని చెబుతారు. మా మావయ్య వాటిని లెక్కపెట్టబోయి, ముప్పై దాటాక మెడ పట్టేసి మానేశారు. ‘‘చెక్కినవాడికి మెడ నొప్పి రాలేదట్రా?’’ అన్నారు. పైకెక్కించక ముందే, నేల మీద పెట్టి చెక్కేవారని నేను తర్వాత గానీ తెలుసుకోలేదు.

రాజప్రాసాదం అనగానే మనకు కళ్ల ముందు కదిలేవి మైసూరు దీపాలు, జైపూర్ గులాబి రాయి, హైదరాబాద్ చౌమహల్లా షాండ్లియర్లు. వాటిని ఊహించుకుని వచ్చినవారికి పద్మనాభపురం ఆశాభంగమే కలిగిస్తుంది. ఇక్కడ గుమ్మటాల్లేవు, పాలరాయి లేదు, కళ్లు జిగేలుమనే సింహాసనమూ లేదు. ఉన్నదల్లా ఏటవాలు పెంకు కప్పులు, వంగి వెళ్లాల్సిన గుమ్మాలు, ఒకదాన్నుంచి మరొకదాన్లోకి తెరుచుకునే గదులు, మధ్యమధ్య ఆకాశం కనిపించే ముంగిళ్లు. నిజానికి ఇది ఓ పెద్ద పల్లెటూరి ఇల్లు. రాజ్యం పెరిగినకొద్దీ గది పక్కన గది వేసుకుంటూ పెరిగిన ఇల్లు. అందుకే చూసేకొద్దీ నచ్చుతుంది.

ఒక రాష్ట్రంలో ఇల్లు, మరో రాష్ట్రం చేతిలో తాళం

తిరువనంతపురం నుంచి నాగర్‌కోయిల్ వెళ్లే దారిలో, సుమారు 55 కిలోమీటర్ల దూరాన తక్కలై అనే చిన్న పట్నం వస్తుంది. అక్కడ హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే నల్లరాతి కోటగోడ కనిపిస్తుంది. చుట్టుకొలత దాదాపు నాలుగు కిలోమీటర్లు. గోడ లోపల ప్యాలెస్ ఒక్కటే లేదు. ఊరు ఉంది, గుళ్లున్నాయి, బడికి వెళ్లే పిల్లల సైకిళ్లున్నాయి. వెనక పడమటి కనుమలకు చెందిన వేళిమలై కొండలు నీలంగా కనిపిస్తాయి.

బయట దుకాణాల బోర్డులన్నీ తమిళంలో ఉంటాయి. ప్యాలెస్ గడప దాటితే మాత్రం మలయాళం. కారణం మ్యాపులో ఉంది. 1956 నవంబరు 1న భాషల ప్రాతిపదికన రాష్ట్రాలను మళ్లీ గీసినప్పుడు, తమిళం మాట్లాడే దక్షిణ తిరువాన్కూరు తాలూకాలు మద్రాసు రాష్ట్రానికి దక్కాయి. అవే కన్యాకుమారి జిల్లా అయ్యాయి. కల్కుళం తాలూకాతో పాటు రాజుల పాత ఇల్లు కూడా సరిహద్దు అవతల ఉండిపోయింది. అయితే ఆ ఇంటి సంరక్షణ మాత్రం కేరళ పురావస్తు శాఖ చేతిలోనే ఉంచారు. నేటికీ అదే ఏర్పాటు. అదే రోజున ఇటు ఆంధ్రప్రదేశ్ కూడా పుట్టిందని మనకు తెలుసు. మన దగ్గర గీతలు గీసినప్పుడూ, 2014లో మళ్లీ చెరిపి గీసినప్పుడూ ఆస్తుల పంపకాల్లో ఎంత రగడ జరిగిందో గుర్తున్నవారికి, ఇద్దరు అన్నదమ్ములు ఒక పాత ఇంటి విషయంలో ఇలా సర్దుకుపోవడం వింతగానే తోస్తుంది.

ఏటా నవరాత్రులకు ఈ సర్దుబాటు వీధిలోకి వస్తుంది. ప్యాలెస్‌లో కొలువైన సరస్వతి విగ్రహం, కుమారకోవిల్ మురుగన్, శుచీంద్రం నుంచి వచ్చే దేవి కలిసి ఊరేగింపుగా తిరువనంతపురం బయల్దేరతారు. అంతకు ముందు ప్యాలెస్ పైగదిలో రాజఖడ్గాన్ని లాంఛనంగా అందజేస్తారు. రెండు రాష్ట్రాల పోలీసులూ ఊరేగింపుకు వందనం చేస్తారు. రాజులు పోయినా రాజధాని మారినా, చదువుల తల్లి మాత్రం ఏటా పుట్టింటి నుంచి వెళ్లి మళ్లీ పుట్టింటికే చేరుతుంది.

వెదురు వనం కాదు, రాజకీయం

ఈ ఇంటికి పునాది 1601 ప్రాంతంలో పడిందంటారు. అప్పుడు పాలించింది వేణాడు రాజు రవివర్మ కులశేఖర పెరుమాళ్. లోపల ఉన్న తాయి కొట్టారం, అంటే తల్లి కోట, అంతకన్నా పాతదని, 1550 నాటిదని చెబుతారు. అయితే ఇంటికి నేటి రూపం వచ్చింది మార్తాండవర్మ హయాంలో. 1729 నుంచి 1758 దాకా పాలించిన ఈ రాజు చుట్టుపక్కల చిన్న సంస్థానాలన్నిటినీ కలిపేసి తిరువాన్కూరును నిలబెట్టాడు. 1741లో ఇక్కడికి దగ్గరలోని కొళచల్ రేవులో డచ్చి కంపెనీ సేనను ఓడించాడు. ఆసియాలో ఒక యూరప్ వాణిజ్య శక్తికి దేశీయ రాజు చేతిలో తగిలిన పెద్ద దెబ్బల్లో అదొకటి. చేజిక్కిన డచ్చి అధికారి డి లనోయ్ చేతనే తర్వాత తన సైన్యానికి తర్ఫీదు ఇప్పించాడు. డి లనోయ్ 1777లో ఇక్కడే చనిపోయాడు. తక్కలై పక్కన ఉదయగిరి కోటలో ఆయన సమాధి ఉంది.

1750లో మార్తాండవర్మ రాజ్యం మొత్తాన్ని పద్మనాభస్వామికి ధారపోసి, తాను ఆ దేవుడి దాసుడిగా పాలిస్తానన్నాడు. కల్కుళం అనే పాత పేరు పోయి పద్మనాభపురం అన్న పేరు స్థిరపడింది కూడా ఆ కాలంలోనే. గొడవ పెట్టుకోబోయే ప్రతివాడూ ఇక రాజుతో కాదు, దేవుడితో తలపడాలి. రాముడి పేరుతో భద్రాచలం ఖర్చుపెట్టి గోపన్న జైలుకు పోయాడు. ఇక్కడ దేవుడి పేరుతో రాజు తన సింహాసనాన్ని గట్టి చేసుకున్నాడు. 1790ల్లో రాజధాని తిరువనంతపురం తరలిపోయింది. పద్మనాభపురం వెనకబడింది. ఆ వెనకబాటే ఒకరకంగా దాన్ని కాపాడింది. ఎవరూ ఉండని ఇంటికి ఎవరూ కొత్త హంగులు చేర్చలేదు. 1930ల్లో తిరువాన్కూరు సంస్థానమే మరమ్మతులు చేయించి దీన్ని ప్రదర్శనశాలగా మార్చింది.

చూరు ఎందుకంత కిందికి?

కన్యాకుమారి జిల్లాకు నైరుతి రుతుపవనం ఒకసారి, ఈశాన్య రుతుపవనం మరోసారి వానలిస్తాయి. ఇంటి ఆకారం నిర్ణయించింది రాజు కన్నా ఈ రెండు వానలే. నీరు నిలవకుండా జారిపోవాలంటే కప్పు నిటారుగా ఉండాలి. జల్లు గోడను తాకకూడదంటే చూరు బాగా కిందికి దిగాలి. చూరు దిగితే లోపల చీకటి, ఉక్క. దానికి విరుగుడుగా కప్పు కొసల్లో త్రికోణాకారపు ముఖప్పులు పెట్టారు. చెక్కను జల్లెడలా తొలిచిన ఆ ముఖప్పుల గుండా వేడి గాలి పైనుంచి బయటకు పోతుంది, చల్లగాలి కిందినుంచి లోపలికి వస్తుంది. కింద కూర్చునేచోట ఏటవాలు చెక్క పట్టీలతో చారుపడి అనే ఆనుడు బల్లలున్నాయి. వాటి సందుల్లోంచి లోపలివారికి వీధి కనిపిస్తుంది, వీధివారికి లోపలివారు కనిపించరు. గాలి, వెలుతురు, మర్యాద మూడింటికీ ఒకే చెక్కపని.

నిర్మాణపు గుట్టంతా కప్పులో ఉంది. గోడల మీద, స్తంభాల మీద చుట్టూ దిమ్మల్లాంటి దూలాలు పరిచి ఒక చట్రం కడతారు. దాన్ని ఉత్తరం అంటారు. దాని మీద నుంచి వాసాలు పైకి లేచి నడికొప్పు దూలంలో కలుస్తాయి. విడివిడి వాసాలు పక్కకు ఒరగకుండా ప్రతి వాసానికీ కన్నం తొలిచి, వాటన్నిటి గుండా సూదిలో దారంలా ఒక చెక్క పట్టీని గుచ్చుతారు. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి మరో కర్రకు తొలిచిన కన్నంలో దిగగొడతారు. అడ్డంగా ఒక చెక్క చీల వేస్తారు. ముఖ్యమైన అతుకులేవీ ఇనుప మేకుల మీద ఆధారపడవు. దీనివల్ల లాభాలు రెండు. తేమ గాలికి ఇనుము తుప్పుపట్టి కర్రను తినేసే బెడద తప్పుతుంది. పైగా ఒక వాసం పుచ్చిపోతే చీల ఊడబీకి ఆ ఒక్క వాసాన్నే మార్చుకోవచ్చు. ఇల్లు కూల్చనక్కర్లేదు.

వాడింది టేకు, పనస, అంజిలి అనే అడవి పనస, ఇరుగుడు. ఒక్కో కర్రకు ఒక్కో గుణం. దూలాలకు బరువు మోసేది కావాలి, చెక్కడానికి ఉలికి లొంగేది కావాలి, గుమ్మానికి వంకర తిరగనిది కావాలి. ఎంచడంలోనే సగం పనితనం. చేవ తేలిన కర్రకు చెదలు అంత తేలిగ్గా పట్టదని మన వడ్రంగులూ చెబుతారు. మిగతా సగం కొలతలో ఉంది. కేరళ వడ్రంగుల లెక్కలన్నీ తచ్చుశాస్త్రంలో ఉంటాయి. మనుషుల ఇళ్ల కోసమే 16వ శతాబ్దంలో రాసిన ‘మనుష్యాలయ చంద్రిక’ ఆ శాస్త్రంలో పేరున్న గ్రంథం. ఇంటి చుట్టుకొలతను మూడుతో హెచ్చించి ఎనిమిదితో భాగించి మిగిలిన శేషాన్ని చూస్తారు. బేసి అంకె వస్తే మంచిది, సరి అంకె వస్తే కొలత మార్చాలి. ఇది వింటుంటే మావయ్య తల ఊపారు. ధ్వజాయం, సింహాయం, వృషభాయం, గజాయం అంటూ మన పల్లెల్లో ఆయం కట్టే పద్ధతి ఆయనకు కంఠతా వచ్చు. గుణించే విధానం వేరు గానీ ఎనిమిదితో భాగించి శేషం చూడటం, బేసిని మంచిదనటం రెండుచోట్లా ఒకటే.

పూముఖం నుంచి పైకి

లోపలికి రాగానే ఎదురయ్యే పూల కప్పు గదే పూముఖం. రాజు సామాన్యులను కలిసే చావడి అన్నమాట. చీనా వర్తకులు కానుకిచ్చారని చెప్పే చెక్క కుర్చీ, ఒంటికి చల్లగా తగిలే నున్నటి రాతి మంచం, ఓణం పండుగకు ప్రజలు సమర్పించిన రంగుల విల్లులు ఇక్కడున్నాయి. అన్నిటికన్నా చూడాల్సింది కప్పు నుంచి వేలాడే ఇత్తడి దీపం. దాని మీద గుర్రపు రౌతు బొమ్మ ఉంటుంది. గొలుసు కడియాలను ఎలా అమర్చారో గానీ దీపాన్ని ఎటు తిప్పి వదిలితే అటే నిలుస్తుంది.

ఒక మనిషి మాత్రమే పట్టే నిటారు చెక్క మెట్లెక్కితే పైన మంత్రశాల. రాజు మంత్రులతో ఆలోచన చేసిన గది. గట్టిగా పదిమంది కూర్చుంటే నిండిపోతుంది. ఇంత పెద్ద రాజ్యం నడిచింది ఇంత చిన్న గదిలోనా అనిపిస్తుంది. కిటికీలకు గాజు బదులు రంగుల అభ్రకం రేకులు అమర్చారు. ఎండ వాటిలోంచి వడకట్టుకుని దిగుతుంది. మే నెలలో కూడా ఈ గదిలో ఫ్యాను గుర్తుకు రాదని మాకు చూపించినాయన అన్నాడు. మేం వెళ్లింది డిసెంబరు కాబట్టి ఆ మాట నమ్మడం తప్ప పరీక్షించే వీల్లేకపోయింది.

ఇక నేల సంగతి. అద్దంలా మెరిసే ఆ నల్లటి నేలలో ముఖం మసకగా కనిపిస్తుంది. కాల్చిన కొబ్బరి చిప్పల బొగ్గు, సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, చెట్ల రసాలు, ఇసుక కలిపి నూరి వేశారని చెబుతారు. ఆ నున్నదనం కలిపిన సరుకులో ఎంతుందో, రుద్దిన చేతుల్లో అంతకు మించి ఉండాలి. చెప్పులు విడవమన్నది ఈ నేల కోసమే. రోజంతా వట్టి పాదాలు నడిచేకొద్దీ నేల ఇంకా నునుపెక్కుతుంది. సందర్శకుడు కూడా తెలియకుండానే మరమ్మతు కూలీ అవుతాడు.

అక్కడి నుంచి ఒక వసారా ఊట్టుపురకు, అంటే భోజనశాలకు తీసుకెళుతుంది. రెండంతస్తుల్లో వెయ్యిమందికి విస్తళ్లు వేసేవారట. ఇప్పుడది బోసిపోయిన పొడవాటి హాలు. మూలన ఊరగాయలు నిలవ చేసిన చీనా జాడీలు మాత్రం మిగిలాయి. మా అత్తయ్య ఇంకెక్కడా ఆగలేదు గానీ ఆ జాడీల దగ్గర ఆగింది. ‘‘దీన్లో ఎన్ని కాయల ఆవకాయ పడుతుందంటారు?’’ అని మావయ్యను అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. అప్పటికే ఆయన చూపు మరో గుమ్మం మీద ఉంది.

మన మండువాకు దాయాది

ఆ గుమ్మం తాయి కొట్టారానిది. మొత్తం భవంతిలో పాతది, చిన్నది, నా మట్టుకు అన్నిటికన్నా అందమైనది. మలయాళంలో నాలుకెట్టు అంటారు, అంటే నాలుగిళ్ల కూర్పు. నలువైపులా గదులు, మధ్యలో ఆకాశానికి తెరిచిన చదరపు గుంట. నాలుగు కప్పుల నీరూ ఆ గుంటలోకే దిగుతుంది. చుట్టూ చెక్క స్తంభాలు. ఒక మూల ఏకాంత మండపం ఉంది. దానికి ఆధారమైన పనస కర్ర స్తంభం మీద పువ్వూ తీగా ఎంత సన్నగా చెక్కారంటే, వేలు పెట్టి తాకితే గానీ అది కర్ర అని నమ్మకం కలగదు. తాకనివ్వరు. తాకనివ్వకపోవడమే న్యాయం.

మావయ్య గుంట అంచున కూర్చుండిపోయారు. ‘‘ఇది మన మండువాయే కదరా’’ అన్నారు.

అవును. కోనసీమలోనూ గోదావరి జిల్లాల్లోనూ మండువా లోగిలి అంటే ఇదే కూర్పు. వీధరుగు, సావిడి, మధ్యలో మండువా, దాని చుట్టూ వసారా, వసారా వెంట గదులు. వాన పడితే నాలుగు వైపులా చూరు ధారలు ఒక్కచోట పడతాయి. పిల్లలు కాగితం పడవలు వదులుతారు. ముసలమ్మలు ఆ నీటికి ఇత్తడి బిందెలు పెడతారు. అక్కడా స్తంభాలకు టేకే. మన్యం కొండల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. అక్కడ కోయించి ఊళ్లకు చేర్చేవారు. తిరువాన్కూరు వడ్రంగీ కోనసీమ వడ్రంగీ ఒకరినొకరు చూసి ఉండరు. కానీ ఇద్దరికీ వాన ఒకటే, కొబ్బరిచెట్టు ఒకటే, తడిసిన గోడ ఒకటే. అందుకే జవాబూ ఒకటే వచ్చింది.

మా అమ్మమ్మగారి ఇల్లు అలాంటిదే. 16 స్తంభాలు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపానులో కొబ్బరిచెట్టు కప్పు మీద పడింది. ఇల్లు నిలబడింది గానీ పెంకులు పోయాయి. సరిపోయే పాత పెంకులు దొరకలేదు. వాసాలు అతకగలిగిన వడ్రంగి ముసలివాడై మంచాన పడ్డాడు. అతని కొడుకు కువైట్ వెళ్లాడు. మా మావయ్యలు నలుగురికీ వాటాలు తేలలేదు. ఏడేళ్లు టార్పాలిన్ కింద నానిన ఇంటిని 2003లో విప్పేశారు. కూల్చారు అనడం సరికాదు, విప్పారు. ఏ స్తంభానికి ఆ స్తంభం, ఏ గుమ్మానికి ఆ గుమ్మం అంకెలు వేసి లారీ ఎక్కించారు. బేరం కుదిర్చింది ఈ మావయ్యే. ఎంతకు అమ్మారో ఇంట్లో ఎవరూ మళ్లీ మాట్లాడుకోలేదు. పెద్దవి కొన్ని ఏదో రిసార్టుకు వెళ్లాయని మాత్రం విన్నాం.

డెల్టా ఊళ్లలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. రెండు మూడు దశాబ్దాలుగా మండువా ఇళ్లు ఒకటొకటిగా విడిపోతున్నాయి. ఆ స్థలంలో పిల్లర్ల మేడలు లేస్తున్నాయి. పాత కర్రకు నగరాల్లో గిరాకీ ఉంది. ఇల్లుగా ఉన్నప్పుడు భారమైన స్తంభం, హోటల్ లాబీలో నిలబెడితే అలంకారమవుతోంది. తమాషా ఏమిటంటే, మేకుల్లేకుండా కట్టిన పనితనమే ఇంటిని బాగుచేయడానికీ వీలిచ్చింది, చెక్కుచెదరకుండా విప్పి అమ్ముకోవడానికీ వీలిచ్చింది.

దేవుడికో అంతస్తు, దొరలకో ఇల్లు

తాయి కొట్టారం దాటితే ఇంటి నడిబొడ్డున నాలుగంతస్తుల ఉప్పిరిక్క మాళిగ లేస్తుంది. మార్తాండవర్మ 1750 ప్రాంతంలో కట్టించింది. అడుగున ఖజానా, దానిపైన రాజు పడకగది, ఆపైన జపతపాలకు గది, అన్నిటికన్నా పైన దేవుడి గది. ధనం కింద, దేవుడు పైన, మధ్యలో రాజు. ఆయన రాజకీయాన్ని కర్రలో గీసి చూపినట్టు ఉంటుంది. పడకగదిలోని మంచాన్ని 64 రకాల ఔషధపు కర్రలతో చేశారని, డచ్చివారి కానుకని చెబుతారు. పై గది గోడల నిండా 18వ శతాబ్దపు కుడ్యచిత్రాలున్నాయి. మెట్లూ బొమ్మలూ తట్టుకోలేవని అక్కడికి మామూలు సందర్శకులను పంపరు.

వీధివైపు అంబారీ ముఖప్పు అనే కిటికీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఏనుగు అంబారీ ఆకారంలో చెక్కిన ఆ కిటికీలో కూర్చుని రాజు రథోత్సవం చూసేవాడు. నవరాత్రి మండపం దగ్గరికి వస్తే ఒక్కసారిగా కర్ర పోయి రాయి వస్తుంది. సంగీతనాట్యాలకు నల్లరాతి స్తంభాల మండపం కట్టి, పక్కన అంతఃపుర స్త్రీలు చూడటానికి చిల్లుల చెక్క తడికె అమర్చారు. ఈ నవరాత్రి కచేరీల సంప్రదాయమే రాజధానితో పాటు తిరువనంతపురం వెళ్లింది. అక్కడ 19వ శతాబ్దంలో స్వాతి తిరునాళ్ మహారాజు మలయాళం, సంస్కృతాలతో పాటు తెలుగులోనూ కీర్తనలు కట్టాడు.

అతిథుల కోసం కట్టిన ఇంద్రవిలాసంలో పైకప్పు ఎత్తు, తలుపులు పెద్దవి, గది నిండా వెలుతురు. తెల్లదొరలకు వంగి నడిచే అలవాటు లేదు కదా! సొంత ఇంట్లో రాజు తలవంచి గుమ్మం దాటాడు, అతిథికి మాత్రం నిటారుగా నడిచే ఇల్లు కట్టించాడు. అయితే ఎండపూట రెండుచోట్లా పావుగంట చొప్పున నిలబడి చూడండి. ఎవరి ఇల్లు ఈ నేలను బాగా అర్థం చేసుకుందో ఒళ్లే చెబుతుంది.

మెచ్చుకోలు మధ్య ఒక మాట మరిచిపోకూడదు. ఈ చల్లటి నీడ అందరికీ దక్కలేదు. పాత కేరళలో పెంకుల కప్పు వేసుకోవడానికీ అధికారుల అనుమతి కావాల్సివచ్చేది, అదీ పెద్ద కులాలకే దొరికేది. ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే నాడార్ స్త్రీలు ఒంటి మీద రవిక, పైట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో గానీ సంస్థానం దిగిరాలేదు. వెనకబడిన, దళిత కులాలకు ఆలయాల తలుపులు తెరిచింది 1936లో. చారుపడి సందుల్లోంచి రాజు వీధిని చూసినప్పుడు ఎవరిని చూశాడు, ఎవరు ఆ వీధిలోకే రాకూడదన్నాడు అన్నది కూడా ఈ ఇంటి చరిత్రే. నేడు టికెట్ కొన్న ప్రతివాడూ పూముఖంలో నిలబడి తలెత్తి చూడగలగడం చిన్న మార్పు కాదు.

చంద్రముఖి మేడ

ఇక్కడికి వచ్చే కుర్రకారులో చాలామందికి ఇది సినిమా ఇల్లు. 1993లో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’లో కొన్ని దృశ్యాలు ఈ గదుల్లోనే తీశారు. ఆ కథే 2005లో రజనీకాంత్ ‘చంద్రముఖి’గా మన ఊళ్లలోనూ ఆడింది. మెట్ల దగ్గర ఒక తెలుగు కుర్రాడు ‘‘లకలక’’ అని అరిచాడు. చీకటి వసారాలు ఆ కేకను మింగేశాయి. రాయి అయితే మారుమోగేది. కర్ర శబ్దాన్ని తాగేస్తుంది. అందుకేనేమో ఇంతమంది తిరుగుతున్నా ఇల్లు గుసగుసలాడుతున్నట్టే ఉంటుంది.

ఆ తిరగడమే ఇప్పుడు ఇంటికి పరీక్ష. ఒక కుటుంబం కోసం వేసిన చెక్క మెట్లు సెలవురోజుల్లో జనప్రవాహాన్ని మోయాలి. చెమట చేతులు స్తంభాలను తడుముతాయి. తడి గాలి, గబ్బిలాలు, పురుగు, చెదలు ఎప్పుడూ కాచుకునే ఉంటాయి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడాల తాత్కాలిక జాబితాలో పద్మనాభపురం చేరింది. ఆ గౌరవం తేలిగ్గా మరింత జనాన్ని తెస్తుంది. తేవాల్సింది మాత్రం వడ్రంగులను. రాతి కోటను కంచె వేసి వదిలేసినా వందేళ్లు ఉంటుంది. కర్ర ఇల్లు అలా కాదు. ప్రతి వానాకాలానికి ముందు ఎవరో ఒకరు పైకెక్కి పెంకు సర్దాలి, వాసం తట్టి చూడాలి, పుచ్చిన చోట అదే కర్రతో అదే అతుకు వేయాలి. ఆ అతుకు వేసే చేయి పోతే ఇల్లు ఉన్నా లేనట్టే. 400 ఏళ్ల ఇల్లు అంటే 400 ఏళ్ల నాటి కర్ర అని కాదు, 400 ఏళ్లు విడవకుండా పడిన పాటు అని అర్థం.

మధ్యాహ్నం మూసే వేళకు బయటపడ్డాం. చెప్పులు వేసుకుంటూ మావయ్య ఆగారు. పూముఖం కప్పు వైపు మరోసారి చూశారు.

‘‘రాజుగారికి ఒక శాఖ ఉంది కాబట్టి నిలబడిందిరా. మాకు ఒక్క వడ్రంగి ఉన్నా నిలబడేది’’ అన్నారు.

ఇరవై ఏళ్లలో ఆ ఇంటి గురించి ఆయన నోట మొదటిసారి విన్నాను. తిరుగుదారిలో కారు తక్కలై దాటాక ఇంకో మాట కూడా అన్నారు. లారీ ఎక్కించినప్పుడు మండువా ఈశాన్య స్తంభాన్ని మాత్రం ఇవ్వలేదట. పశువుల పాకలో గడ్డి కింద ఉందట. దానికేం చేయాలో తోచక అలాగే ఉంచారట. ‘‘చేవ తేలిన కర్ర. చెదలు పట్టి ఉండదు’’ అన్నారు. ఊరికి వెళ్లగానే చూద్దామన్నాను.

వెళ్లాలనుకుంటే

ఎక్కడ: తమిళనాడులోని కన్యాకుమారి జిల్లా, తక్కలైకి రెండు కిలోమీటర్ల దూరం. తిరువనంతపురం నుంచి సుమారు 55, కన్యాకుమారి నుంచి సుమారు 35 కిలోమీటర్లు. రెండు వైపుల నుంచీ తక్కలై మీదుగా బస్సులున్నాయి.

రైలు, విమానం: దగ్గరి పెద్ద స్టేషన్ నాగర్‌కోయిల్ జంక్షన్. విమానాశ్రయం తిరువనంతపురం.

ఎప్పుడు: సోమవారం సెలవు. మధ్యాహ్నం భోజన విరామంలో మూసేస్తారు కాబట్టి ఉదయం తెరవగానే వెళ్లడం మేలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ హాయిగా ఉంటుంది. కప్పు పనితనం చూడాలంటే మాత్రం వానలో వెళ్లాలి.

ఎంతసేపు: గంటలో చుట్టి రావచ్చు. చూడాలంటే మూడు గంటలు కావాలి.

పక్కనే: డి లనోయ్ సమాధి ఉన్న ఉదయగిరి కోట, కుమారకోవిల్, శుచీంద్రం.